కేస్ షీటులో గడి లేని మందు

ఆసుపత్రి మంచానికి కాళ్ళ వైపు వేలాడే కేస్ షీటులో ప్రతి మందుకూ ఒక వరుస ఉంటుంది. మందు పేరు, ఎంత ఇవ్వాలి, ఎన్ని గంటలకు ఇవ్వాలి, ఇచ్చిన సిస్టరు సంతకం అన్నీ ఆ వరుసలో పడతాయి. రోగి ఏ పక్కకు తిరిగి పడుకోవాలి, తల ఎంత ఎత్తులో ఉండాలి, ఎంతసేపు అలా ఉండాలి అన్నవాటికి మాత్రం నేను చూసిన చాలా షీట్లలో గడి ఉండదు. నెల్లూరులో ఫిజియోథెరపిస్టుగా పదిహేనేళ్ళ నుంచి ఐసియులలో పనిచేస్తున్నాను. నిమ్ము ముదిరి ఆయాసంతో వచ్చిన రోగుల దగ్గరే నా పనిలో ఎక్కువ భాగం గడుస్తుంది. తీవ్రమైన న్యుమోనియాలో పడుకునే తీరు కూడా ఒక మందేనని ఆ అనుభవంతో చెప్పగలను. దానికి మోతాదు ఉంది, వేళ ఉంది, ఎవరికి ఇవ్వకూడదన్న నియమం ఉంది, దుష్ఫలితాలూ ఉన్నాయి. అది క్రిములను చంపదు. క్రిములను చంపే మందు పని మొదలుపెట్టడానికి పట్టే ఆ రెండు మూడు రోజులూ మనిషి ఊపిరి నిలిచి ఉండేట్లు చూస్తుంది.

మా వైపు న్యుమోనియా అన్న మాట డాక్టరు నోటనే వినిపిస్తుంది. ఇంటివాళ్ళు "నిమ్ము చేరింది" అంటారు. ఆ మాట నాకు ఇష్టం, ఎందుకంటే లోపల జరిగేది అదే. గాలి నిండి ఉండవలసిన సన్నని తిత్తుల్లోకి చీమూ నీరూ చేరి, ఎండిన స్పాంజిలా తేలికగా ఉండవలసిన ఊపిరితిత్తి తడిసి బరువెక్కుతుంది. బరువెక్కినది తన కింద ఉన్నదాన్ని అదుముతుంది. రక్తమూ ద్రవమే కాబట్టి అదీ పల్లానికే ఎక్కువగా పారుతుంది. గాలి ఎక్కడికి చేరుతోంది, రక్తం ఎక్కడికి పారుతోంది అన్న ఈ రెండు లెక్కలూ ఒకే చోట కలిస్తేనే ఒంటికి ఆక్సిజన్ అందుతుంది. గాలి చేరని చోటికి వెళ్ళిన రక్తం, షట్టరు మూసిన రైసుమిల్లు దాకా వెళ్ళి ఖాళీగా తిరిగివచ్చిన లారీ లాంటిది. డీజిలు ఖర్చయింది, బస్తా ఒక్కటీ ఎక్కలేదు.

ఒక పక్క ఊపిరితిత్తికే నిమ్ము పట్టినవాళ్ళ విషయంలో ఈ లెక్క మానిటరు మీదనే కనిపిస్తుంది. కిందటేడు వానలు తగ్గిన రోజుల్లో అల్లూరు వైపు నుంచి డెబ్బై ఏళ్ళు దాటిన ఒకాయనను తీసుకువచ్చారు. రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండే మనిషి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది సగం సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంది, ఎడమది శుభ్రంగా ఉంది. నేను వెళ్ళేసరికి కుడి పక్కకు ఒత్తిగిలి, అరచేతితో డొక్కను అదిమి పట్టుకొని, మాస్కులోంచి పొట్టి పొట్టి ఊపిరులు తీస్తున్నారు. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చెప్పే అంకె, అంటే శాచురేషన్, 87 దగ్గర ఆడుతోంది.

"ఆ పక్కకుంటేనే నొప్పి తగ్గతా ఉండాదంట మేడం, ఇంకో పక్కకి తిప్పితే మామ ఓర్చుకోలేకుండా ఉండారు" అంది కోడలు.

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరకు వాపు వస్తే, గాలి పీల్చినప్పుడల్లా ఆ పొర రాచుకొని కత్తితో పొడిచినట్లు ఉంటుంది. నొప్పి ఉన్న వైపును పరుపుకేసి అదిమితే డొక్క కదలదు, కాబట్టి నొప్పి తగ్గుతుంది. అయితే అదే సమయంలో రక్తం ఎక్కువగా పారేది కిందికి పెట్టిన ఆ చెడిన ఊపిరితిత్తికే. బాగున్న ఊపిరితిత్తి పైన ఉండి గాలి పీల్చుకుంటున్నా, ఆ గాలిని అందుకోవలసిన రక్తం కింద నిమ్ములో తిరిగి ఉత్త చేతులతో వెళ్ళిపోతోంది. నొప్పికి సుఖమైన పక్కా ఊపిరికి చేటు చేసే పక్కా ఒకటే కావడం ఈ జబ్బులోని పెద్ద తిరకాసు. ఈ సంగతి తెలియక, రోగికి హాయిగా ఉందన్న ఒక్క కారణంతో గంటల తరబడి అదే పక్కన వదిలేసి, ఆక్సిజన్ మాత్రం ఐదు లీటర్ల నుంచి పదికి పెంచుతూ పోవడం నేను చాలాచోట్ల చూశాను.

"పెదనాయనా, ముందు నొప్పి సంగతి చూద్దాం, తర్వాతే తిప్పుతాను" అని చెప్పి, డ్యూటీ డాక్టరును అడిగి నొప్పికి ఇంజెక్షన్ వేయించాం. అది పట్టడానికి అరగంట ఆగాం. ఈ అరగంట ఆగడం చాలా ముఖ్యం. నొప్పితో ఉన్న మనిషిని బలవంతాన తిప్పితే రెండు నిమిషాల్లో మళ్ళీ పాత పక్కకే తిరుగుతాడు, రెండోసారి మన మాట వినడు. తర్వాత ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనక ఒక దిండు ఆనించి, మోకాళ్ళ మధ్య ఇంకొకటి పెట్టి, మూడోది చేతుల్లో పెట్టి గుండెలకు హత్తుకోమన్నాను. దగ్గు వచ్చినప్పుడు ఆ దిండును గట్టిగా అదుముకుంటే డొక్క అదరదు. ఆక్సిజన్ కుళాయిని ఎవరూ ముట్టుకోలేదు. పావుగంట గడిచేసరికి 92 కనిపించింది. పైకి వచ్చిన కుడి ఊపిరితిత్తి నుంచి గళ్ళ కూడా కదిలి, ఆ సాయంత్రానికి ఇటుక రంగు గళ్ళ నాలుగైదు సార్లు ఉమ్మారు.

బాగున్న ఊపిరితిత్తి కిందికి ఉండాలన్న ఈ సూత్రాన్ని మంత్రంలాగా అందరికీ చదవకూడదు. ఊపిరితిత్తిలో చీముగడ్డ ఉన్నవాళ్ళకూ దగ్గులో రక్తం ధారగా పడుతున్నవాళ్ళకూ చెడిన వైపే కిందికి పెట్టాలి. లేకపోతే ఆ చీమో రక్తమో పొంగి, బాగున్న ఊపిరితిత్తిలోకి దిగి, ఉన్న ఒక్క ఆధారాన్నీ ముంచేస్తుంది. చంటిబిడ్డల్లోనైతే లెక్క మొత్తం తలకిందులు. వాళ్ళ పక్కటెముకలు మెత్తగా ఉండటం వల్ల కింద ఉన్న ఊపిరితిత్తి నలిగిపోయి, గాలి పైన ఉన్న ఊపిరితిత్తికే ఎక్కువగా వెళుతుంది. కాబట్టి పెద్దలకు చేసినట్లు బిడ్డకు చేయకూడదు. ఎక్స్‌రే చూడకుండా పక్క చెప్పకూడదని నేను నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను.

తల ఎత్తు విషయం చిన్నదే గానీ, రోజూ తప్పు జరిగేది అక్కడే. ముక్కులో గొట్టం ద్వారా ఆహారం పోతున్న రోగిని బల్లపరుపుగా పడుకోబెడితే కడుపులోది గొంతులోకి ఎగదన్ని, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి జారి, ఉన్న నిమ్ముకు కొత్త నిమ్ము తోడవుతుంది. 1999లో బార్సిలోనా వైద్యులు వెంటిలేటరు మీద ఉన్న 86 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును బల్లపరుపుగానూ ఇంకో జట్టును తల 45 డిగ్రీలు లేపీ ఉంచి చూశారు. పడుకున్న జట్టులో 34 శాతం మందిలో కొత్తగా న్యుమోనియా అనుమానం వచ్చింది, తల లేపిన జట్టులో 8 శాతం మందిలోనే వచ్చింది. అప్పటి నుంచి 30 నుంచి 45 డిగ్రీల తల ఎత్తు ఐసియులలో ఆనవాయితీ అయింది. కానీ తల లేపడం అంటే మంచాన్ని మడవడం మాత్రమే అనుకుంటే పొరపాటు. మంచం మడత దగ్గర రోగి తుంటి ఉండాలి. మనవాళ్ళు తల వైపు కడ్డీ తిప్పి వెళ్ళిపోతారు. గంటలో రోగి జారి జారి, మడత వీపు మధ్యకు వచ్చి, గడ్డం రొమ్ముకు తగిలి, పొట్ట మొత్తం మడతపడి గుండెల మీదికి ఎక్కుతుంది. ఆ స్థితికంటే బల్లపరుపుగా ఉండటమే నయం. ముందు మోకాళ్ళ వైపు కాస్త లేపి, తర్వాత తల వైపు లేపితే మనిషి జారడు. కడ్డీ పోయిన పాత ఇనుప మంచమైతే తల వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది.

రెండు ఊపిరితిత్తులూ పాడై, వెంటిలేటరు పెట్టి, ఆక్సిజన్ పెంచినా ఫలితం లేని రోగికి చేసే పని ఇంకొకటి ఉంది. అదే బోర్లా పడుకోబెట్టడం.

మా వైపు కోతల కాలంలో అకాల వాన పడితే ఆరుబయట ఉన్న వడ్ల బస్తాల నెట్టు ఎలా అవుతుందో చూసినవాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. తడిసిన బస్తాలన్నీ బరువెక్కి, అట్టడుగు వరుస నలిగి పలకబారిపోతుంది. పై వరుస బస్తాలు మాత్రం ఉబ్బుగానే ఉంటాయి. వెల్లకిల పడుకున్న రోగి ఊపిరితిత్తులూ అంతే. ముందుభాగం తెరుచుకొని ఉంటుంది, వీపు వైపు భాగం తన బరువుకూ, పైనున్న గుండె బరువుకూ, పొట్ట నుంచి వచ్చే ఒత్తిడికీ నలిగి మూసుకుపోతుంది. చిక్కేమిటంటే, ఊపిరితిత్తి ఎక్కువగా ఉన్నది వీపు వైపే. రొమ్ము వైపు గుండె కొంత చోటు ఆక్రమించుకుంటుంది, వీపు వైపు విశాలంగా ఉంటుంది. మనిషిని బోర్లా తిప్పితే గుండె రొమ్ము ఎముక మీదికి ఒరిగి, వీపు వైపు భాగం మీద బరువు తొలగి, మూసుకున్న తిత్తులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. ఇక్కడ ప్రకృతి చేసిన మేలు ఒకటుంది. రక్తనాళాల అమరిక వల్ల, బోర్లా తిప్పిన తర్వాత కూడా రక్తంలో ఎక్కువ భాగం వీపు వైపుకే పారుతూ ఉంటుంది. ఇంతసేపూ మూసిన షట్టరు దాకా వెళ్ళి ఖాళీగా వచ్చిన లారీలకు ఇప్పుడు షట్టరు తెరుచుకుంటుంది.

ఈ వైద్యం చరిత్రలో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించేది మోతాదు కథ. రెండు ఊపిరితిత్తులూ ఇలా ఒక్కసారిగా తడిసి బిగుసుకుపోయే స్థితిని 1967లో అమెరికా వైద్యులు 12 మంది రోగులలో గుర్తించి వర్ణించారు. దానినే తర్వాత ఏఆర్‌డిఎస్ అన్నారు. బోర్లా పడుకోబెడితే మేలు కావచ్చన్న సూచన 1974లో వచ్చింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వేలికి తగిలించుకొని చూసుకునే పల్స్ ఆక్సీమీటరు సూత్రాన్ని జపాను ఇంజనీరు తకువో అవోయాగి ప్రకటించిందీ ఆ ఏడాదే. 1976లో ఐదుగురు రోగులను తిప్పి చూసి, ఆక్సిజన్ పెరిగిందని రాశారు. ఆ తర్వాత పాతికేళ్ళ పాటు చూసినవాళ్ళందరూ అదే మాట చెప్పారు, తిప్పితే ఆక్సిజన్ పెరుగుతుందని. అయితే ఆక్సిజన్ అంకె పెరగడం వేరు, మనిషి బతికి ఇంటికి వెళ్ళడం వేరు. 2001లో ఇటలీ వైద్యుడు లూచియానో గట్టినోని బృందం 304 మందితో చేసిన పరిశీలనలో రోగులను రోజుకు సుమారు ఏడు గంటలు బోర్లా ఉంచారు. ఆక్సిజన్ పెరిగింది, మరణాలు మాత్రం తగ్గలేదు. చాలామంది ఈ పద్ధతి మీద ఆశ వదులుకున్నారు.

పన్నెండేళ్ళ తర్వాత, 2013లో, ఫ్రాన్స్ వైద్యుడు క్లోడ్ గెరాన్ బృందం అదే పనిని వేరే మోతాదులో చేసింది. జబ్బు బాగా ముదిరిన 466 మందిని ఎంచుకున్నారు. రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని మనం ఇచ్చే ఆక్సిజన్ భాగంతో భాగిస్తే ఆరోగ్యవంతుడికి 400 దాటుతుంది, వీళ్ళందరికీ అది 150 కంటే తక్కువ. బోర్లా ఉంచిన ప్రతిసారీ ఆపకుండా కనీసం 16 గంటలు ఉంచారు. 28 రోజులు గడిచేసరికి వెల్లకిల ఉంచిన జట్టులో 32.8 శాతం మంది చనిపోతే, బోర్లా ఉంచిన జట్టులో 16 శాతం మంది చనిపోయారు. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు, గంటలు పెరిగాయి, తగిన రోగులను ఎంచుకున్నారు. ఇంకో విషయాన్ని చాలామంది గమనించరు. ఆ పరిశీలనలో పాల్గొన్న ఐసియులన్నీ ఐదేళ్ళకు పైగా ఈ పనిలో చేయి తిరిగినవి. అంటే ఆ ఫలితంలో పదహారు గంటలకు ఎంత వాటా ఉందో, తిప్పిన చేతుల అలవాటుకూ అంతో ఇంతో వాటా ఉంది.

ఆ చేతుల పని ఏమిటో చెప్పకపోతే ఇదంతా అంకెల ముచ్చటగా మిగిలిపోతుంది. గొంతులో గొట్టం, మెడలో ఒక సూది, మణికట్టులో ఒక సూది, మూత్రానికి గొట్టం, ముక్కులో ఆహారపు గొట్టం ఉన్న స్పృహ లేని మనిషిని తిప్పడానికి ఐదుగురు కావాలి. తల దగ్గర డాక్టరు ఒక్కరే, ఆయన రెండు చేతులూ గొట్టం మీదా తల మీదా తప్ప మరెక్కడా ఉండకూడదు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. గంట ముందే ఆహారం ఆపేస్తాం. నోరూ గొట్టమూ సక్షన్ పెట్టి శుభ్రం చేస్తాం. కళ్ళలో జెల్ వేసి రెప్పలు మూసి సన్నని ప్లాస్టరు అంటిస్తాం, ఎందుకంటే బోర్లా ఉన్నప్పుడు తెరిచి ఉన్న కన్ను దిండుకు రాసుకుంటే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పెదవి దగ్గర గొట్టం మీద ఎంత అంకె ఉందో పైకి చదివి రాస్తాం. రొమ్ము మీది ఈసీజీ బిళ్ళలు పీకి పక్కన పెడతాం, అవి తర్వాత వీపు మీదికి వస్తాయి. రోగి మీద ఇంకో దుప్పటి పరిచి, కింది దుప్పటి అంచునూ పై దుప్పటి అంచునూ కలిపి రెండు పక్కలా చాప చుట్టినట్లు బిగుతుగా చుడతాం. అప్పుడు మనిషి కదలడు, చుట్ట కదులుతుంది. మంచం అంచుకు జరిపి, తల దగ్గరి డాక్టరు "ఒకటి, రెండు, మూడు" అన్నాక మొదట పక్కకు మాత్రమే తిప్పి ఆగుతాం. గొట్టాలన్నీ ఉన్నాయా, శాచురేషన్ ఎంత, బీపీ ఎంత అని అందరూ మానిటరు వైపు చూసే ఆ అర నిమిషం గదిలో ఎవరూ మాట్లాడరు. తిప్పుతున్నప్పుడు అంకె పడిపోవడం మామూలే. అది మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టాక పూర్తిగా తిప్పుతాం.

రొమ్ము కింద ఒకటి, తుంటి కింద ఒకటి దిండ్లు పెట్టి, మధ్యలో పొట్ట పరుపుకు ఆనకుండా వదలాలి. పొట్ట నొక్కుకుపోతే తిప్పిన ఫలితం సగం పోతుంది. మోకాళ్ళకు దిగువన కాళ్ళ కింద దిండు పెట్టి పాదాలు వేలాడేలా చూడాలి. ముఖం ఒక పక్కకు తిప్పి, ముఖం తిరిగిన వైపు చేతిని ఈత కొట్టేవాడిలాగా పైకి మడిచి, రెండో చేతిని కిందికి చాపి ఉంచుతాం. రెండు గంటలకొకసారి ముఖమూ చేతులూ రెండో వైపుకు మారుస్తాం. ముఖం వాచిపోకుండా మంచం మొత్తాన్ని తల వైపు కాస్త ఎత్తుగా వాలుస్తాం. అయినా వాస్తుంది.

ఆ వాచిన ముఖాన్ని ఇంటివాళ్ళు చూసినప్పుడు పడే బాధను నేను తేలిగ్గా తీసుకోను. కావలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకావిడను బోర్లా తిప్పిన మొదటి సాయంత్రం, ఆమె కొడుకు అద్దంలోంచి చూసి ఒక్కసారిగా గొంతు పెంచాడు.

"మా అమ్మనట్టా బోర్లా పండేసినారేంది మేడం? శవాన్నయినా అట్టా పండేయరు గదా!"

తిప్పడానికి ముందే అతనికి చెప్పి ఉండవలసింది. ఆ మాట ఇప్పుడు మా దగ్గర నియమం అయింది గానీ, ఆ రోజు మేము సంతకం తీసుకున్నామే తప్ప, లోపలికి వెళితే ఏమి కనిపిస్తుందో చెప్పలేదు. మన ఇళ్ళలో బోర్లా పడుకోవద్దని పిల్లలను గదమాయిస్తారు. బోర్లా పడి ఉన్న మనిషి అంటేనే పడిపోయిన మనిషి. నేను వీపూ, నిమ్మూ, రక్తమూ అంటూ ఏదో చెప్పబోతుంటే, నేల తుడుస్తున్న మా ఆయా చీపురు ఆపి, "బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచరా నాయనా? అదీ ఇదీ ఒకటే. అప్పుడు బిడ్డకి మెడ నిలిచినట్టు, ఇప్పుడు మీ అమ్మకి ఊపిరి నిలస్తాది" అంది. శాస్త్రం ప్రకారం అది వివరణ కాదు. కానీ అతను కుర్చీలో కూలబడి, "ఎన్ని గంటలుంచుతారు?" అని అడిగాడు. నేను పదహారు అన్నాను. రేపు పొద్దున పదింటికి అని అతనే లెక్క కట్టుకున్నాడు.

వెంటిలేటరు లేకుండా, మెలకువగా ఉన్న రోగే స్వయంగా బోర్లా పడుకునే పద్ధతిని మన జనం నేర్చుకున్నది కరోనా కాలంలో. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంట్లో పాటించవలసిన తీరును బొమ్మలతో విడుదల చేసింది. శాచురేషన్ 94 కంటే తగ్గినవాళ్ళు నాలుగైదు దిండ్లు తీసుకొని మెడ కింద ఒకటి, రొమ్ము నుంచి తొడల పై భాగం దాకా ఒకటో రెండో, మోకాళ్ళకు దిగువన కాళ్ళ కింద రెండు పెట్టుకొని అరగంట నుంచి రెండు గంటల దాకా బోర్లా ఉండాలి. తర్వాత కుడి పక్క, ఆ తర్వాత కూర్చోవడం, ఆ తర్వాత ఎడమ పక్క, మళ్ళీ బోర్లా. తిన్న తర్వాత గంట దాకా చేయకూడదు. గర్భిణులు, గుండె జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళు, వెన్నెముకకో తుంటికో తొడ ఎముకకో దెబ్బ తగిలినవాళ్ళు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, దానికి చికిత్స మొదలై రెండు రోజులు కూడా కానివాళ్ళు చేయకూడదు. ఆ మే నెలలో మా జిల్లాలో ఆనందయ్య ఇచ్చే కరోనా నాటుమందు కోసం కృష్ణపట్నానికి వేల మంది కదిలిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అదే రోజుల్లో మంచం దొరక్క వరండాలో ఉన్నవాళ్ళకు దిండ్లు సర్దుతూ తిరిగిన నాకు, దిండ్లు కూడా చాలక ఇంటి నుంచి చుట్టి తెచ్చుకున్న దుప్పట్లతోనే పని నడిపిన సంగతి గుర్తుంది.

మెలకువగా బోర్లా ఉండటం వల్ల ఎంత మేలు అన్న ప్రశ్నకు దొరికిన జవాబు, వెంటిలేటరు రోగుల విషయంలో దొరికినంత సూటిగా లేదు. 2021లో ఆరు దేశాలలో 1100 మందికి పైగా కరోనా రోగులతో చేసిన పరిశీలనలో, వెంటిలేటరు కోసం గొంతులో గొట్టం వేయవలసి రావడమో మరణమో సంభవించినవాళ్ళు మామూలు జట్టులో 46 శాతం ఉంటే, బోర్లా ఉన్న జట్టులో 40 శాతం ఉన్నారు. మరణాలను విడిగా లెక్కిస్తే తేడా తేలలేదు. మరుసటి ఏడాది 400 మందితో జరిగిన మరో పరిశీలనలో గొట్టం వేయడంలో కూడా గట్టి తేడా తేలలేదు. ఎక్కువ గంటలు ఉన్నవాళ్ళకు మేలు ఎక్కువ కనిపించిందని మొదటి పరిశీలన చెప్పింది గానీ, ఓపిక ఉన్నవాళ్ళే ఎక్కువ గంటలు ఉండగలరన్న సంగతినీ మరవకూడదు. కాబట్టి నా అభిప్రాయం ఇది: హాని తక్కువ, ఖర్చు లేదు, ఓర్చుకోగలిగినవాళ్ళు చేయవచ్చు. కానీ దాన్ని ఆసుపత్రికి బదులుగా వాడుకోకూడదు. బోర్లా పడుకున్నప్పుడు 95 కనిపిస్తోందని సంతోషించి, లేచి బాత్రూముకు నడిస్తే 85కు పడిపోతున్న మనిషిని ఇంట్లోనే ఉంచుకున్నవాళ్ళను చూశాను. బోర్లా ఉండలేనివాళ్ళు బల్ల మీద రెండు దిండ్లు పెట్టి, మోచేతులు దానిమీద ఆనించి ముందుకు వాలి కూర్చుంటే ఆయాసం కొంత తీరుతుంది. మంచం పట్టిన వృద్ధులకు ఇదే నేను ఎక్కువగా చెబుతాను.

ఇక దుష్ఫలితాల సంగతి. చెక్కిలి మీద, గడ్డం మీద, మోకాళ్ళ మీద పుండ్లు పడటం అందరూ ఊహించేదే. కావలి ఆవిడకు కుడి చెక్కిలి మీద రూపాయి బిళ్ళంత కమిలి, పది రోజుల్లో మానింది. నేను చెప్పదలచింది ఆమె చేతి గురించి. మొత్తం నాలుగు సార్లు తిప్పాం, నాలుగో రోజుకు మేము ఇవ్వవలసిన ఆక్సిజన్ సగానికి తగ్గింది, తొమ్మిదో రోజు గొట్టం తీశారు. మంచం మీద కూర్చోబెట్టి రెండు చేతులూ పైకెత్తమంటే కుడిది లేచింది, ఎడమది లేవలేదు. భుజం దగ్గర బలం లేదు, బొటనవేలి వైపు తిమ్మిరి. మెడ నుంచి చేతికి వెళ్ళే నరాల కట్ట సాగి నలిగితే ఇలా అవుతుంది. ఆమె జాకెట్లు కుట్టి బతికే మనిషి. "అక్కా, ఇది తగ్గుతుంది, కానీ నెలలు పడుతుంది" అన్నప్పుడు ఆమె నా ముఖం చూడలేదు, చేతినే చూసుకుంది.

రెండో రాత్రి ఏమి జరిగిందో నాకు తెలుసు. సాయంత్రం నేను వెళ్ళేటప్పుడు ఎడమ చేయి పైకి ఉంది. ఇంకో రెండు గంటలకు మార్చాలని సిస్టరుకు నోటితో చెప్పాను, రాయలేదు. ఎనిమిదింటికి డ్యూటీ మారింది. రాత్రి ఇంకో మంచం దగ్గర ప్రాణం మీదికి వచ్చి, గొట్టం పట్టుకోవలసిన డాక్టరు అక్కడ చిక్కుకున్నారు. అసలు చేయి ఎప్పటి నుంచి అలా ఉందో రాత్రి డ్యూటీలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది ఎక్కడా రాసి లేదు. ఇంజెక్షన్ అరగంట ఆలస్యమైతే షీటులో కనిపిస్తుంది, చేయి తెల్లవార్లూ పైకి ఉండిపోతే ఎక్కడా కనిపించదు. ఆ ఒక్క రాత్రే కారణమని నేను నిరూపించలేను, వేరే కారణమైతే నాకు కనబడలేదు. ఆ మాట ఆమెకూ కొడుకుకూ చెప్పాను. మూడు నెలలు వారానికి రెండుసార్లు నెల్లూరు వచ్చి వ్యాయామం చేసింది. నాలుగో నెలలో, కుట్టుమిషను తొక్కుతున్నానని, దండెం మీది బట్టలు మాత్రం ఇంకా కుడి చేత్తోనే తీస్తున్నానని చెప్పింది.

ఇప్పుడు మా ఐసియులో బోర్లా ఉన్న రోగి మంచానికి తల వైపు ఒక అట్టముక్క వేలాడుతుంది. మొదట్లో దాని మీద 'ఎడమ చేయి పైకి, 2 గంటలకు' అని రాసేవాళ్ళం. రాత్రిళ్ళు అందరికంటే ఎక్కువగా మంచాల మధ్య తిరిగేది మా ఆయా. ఆమెకు చదువు రాదు. అందుకని అక్షరాలు తీసేసి, అట్టకు ఒకవైపు ఎడమ చేయి పైకెత్తిన మనిషినీ, రెండోవైపు కుడి చేయి పైకెత్తిన మనిషినీ స్కెచ్ పెన్నుతో గీశాను, పక్కన ముల్లు తిప్పడానికి వీలుగా ఒక కాగితపు గడియారం అంటించాను. ఆమె గోడ గడియారాన్నీ అట్ట మీది గడియారాన్నీ పోల్చి చూసుకుంటుంది. మొన్న రాత్రి డ్యూటీలో నేను నోట్సు రాసుకుంటుంటే, డాక్టరు గది తలుపు తట్టి ఆమె అంటున్న మాట వినిపించింది.

"సార్, మూడో మంచం బొమ్మ తిప్పే టైమయింది, లేయండి."